పాత కంప్యూటర్‌ని టీవీ పక్కన కూర్చోబెట్టడం ఎలా?

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్టు ఆపేసింది. పోనీ విండోస్ 11 వేసుకుందామంటే, ఇంటెల్‌లో అయితే ఎనిమిదో తరం ప్రాసెసర్, దానితోపాటు టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ ఉండాలంటుంది. దాంతో నిన్నమొన్నటిదాకా శుభ్రంగా నడిచిన లాప్‌టాప్‌లు, అసెంబుల్డ్ డెస్క్‌టాప్‌లు చాలా ఇళ్ళలో అటకెక్కాయి. అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి అన్నట్టు, అమ్ముదామంటే వచ్చేది ఆటో చార్జీలకే చాలదు.

ఆఫీసు పనికి చాలని మెషీన్ అయినా వీడియో చూపించడానికి చాలావరకు సరిపోతుంది. అయితే దానితో ఏం చేయించుకోవాలన్నది ముందే తేల్చుకోండి. ఓటీటీల కోసమైతే ఈ పని పెట్టుకోకండి. ఓటీటీ కంపెనీలు వీడియోలకు వైడ్‌వైన్ అనే తాళం వేసి పంపిస్తాయి. టీవీల్లో, టీవీకి తగిలించే స్ట్రీమింగ్ స్టిక్కుల్లో దానికి ఎల్1 అనే గట్టి స్థాయి ఉంటుంది కాబట్టి పూర్తి క్వాలిటీ ఇస్తారు. పాత కంప్యూటర్లో విండోస్ బదులు లినక్స్ అనే ఉచిత సిస్టమ్ వేసి బ్రౌజర్ తెరిస్తే దొరికేది ఎల్3. దానికి చాలా సర్వీసులు మసక బొమ్మతో సరిపెడతాయి. ఆ పనికి మీ స్మార్ట్ టీవీనో, ఒక స్టిక్కో చాలు.

పాత కంప్యూటర్ పనికొచ్చేది మీ సొంత సరుకు కోసం. పెళ్ళి డీవీడీలు, పిల్లల బారసాల వీసీడీలు, నాలుగు ఫోన్లు మారేసరికి నాలుగు చోట్ల పడివున్న ఫొటోలు, నాన్నగారు ఏళ్ళ తరబడి పోగేసిన ఎంపీ3 పాటలు. ఇవి ఏ ఓటీటీలోనూ ఉండవు. ఇవన్నీ ఒక్క చోటికి చేరి, ఇంట్లో పెద్దవాళ్ళు ఎవరినీ పిలవకుండా రిమోట్‌తో పెట్టుకోగలిగితే మన పని అయినట్టు. కీబోర్డు, మౌస్ సోఫా మీద ఉన్నంతకాలం అది టీవీకి తగిలించిన కంప్యూటరే తప్ప మీడియా సెంటర్ కాదు. కింద చెప్పేవన్నీ ఆ లెక్కలోనే చెబుతున్నాను.

1. మెషీన్ సత్తా చూసుకోండి

ప్రాసెసర్ పేరు చూడండి. విండోస్‌లో టాస్క్ మేనేజర్ తెరిచి పర్ఫార్మెన్స్ ట్యాబ్‌లోకి వెళ్తే కనిపిస్తుంది. ఐ5-3210ఎం అని ఉందనుకోండి, గీత తర్వాత మొదటి అంకె 3 కాబట్టి అది మూడో తరం. 2 నుంచి 9 దాకా ఏ అంకెతోనైనా మొదలయ్యే నాలుగంకెల నంబర్లన్నిటికీ ఇదే లెక్క.

తరం ఎందుకంటే, వీడియోని విప్పే పని ప్రాసెసర్ మీద పడకుండా గ్రాఫిక్స్ భాగమే చేసిపెట్టాలి. ఏ రకం వీడియోని విప్పగలదన్నది తరాన్ని బట్టి ఉంటుంది. 2011లో వచ్చిన రెండో తరం నుంచీ హెచ్.264 రకం ఫుల్ హెచ్‌డీ వీడియో హాయిగా ఆడుతుంది. ఫోన్లు, కెమెరాలు ఇప్పుడు ఎక్కువగా వాడే హెచ్‌ఈవీసీ కావాలంటే ఆరో తరం ఉండాలి, అందులో 10-బిట్ రకానికి ఏడో తరం. ఏవీ1 పదకొండో తరంలో గానీ రాలేదు. అంతకంటే పాత కోర్ 2 డ్యుయో అయితే డీవీడీలు, 720పీ వరకు నిశ్చింత. 1080పీ దగ్గర ఫ్యాన్ రొద మొదలవుతుంది.

ర్యామ్ 4 జీబీ ఉంటే చాలు. 64-బిట్ ప్రాసెసర్ మాత్రం తప్పనిసరి. 2008 తర్వాత కొన్నవి చాలావరకు 64-బిట్‌వే. ఆ కాలం నాటి చిన్న నెట్‌బుక్‌లు మాత్రం ఒకసారి సరిచూసుకోండి.

ఇక లాప్‌టాప్ అయితే దాన్ని బల్ల మీద పెట్టి పక్కనుంచి చూడండి. టచ్‌ప్యాడ్ పైకి ఉబికినా, అడుగు బల్లకు సమంగా ఆనకపోయినా బ్యాటరీ ఉబ్బిందని అర్థం. దాన్ని వెంటనే తీసేయాలి. గుచ్చడం, నొక్కడం, చెత్తబుట్టలో వేయడం వద్దు. చాలా పాత లాప్‌టాప్‌లు బ్యాటరీ లేకుండా చార్జర్ మీదే నడుస్తాయి. బ్యాటరీ బాగుంటే మాత్రం అదృష్టమే, కరెంటు పోయినప్పుడు అదే యూపీఎస్.

ఫ్యాన్ దుమ్ము దులపండి. మన ఎండాకాలంలో, తలుపులున్న టీవీ యూనిట్ లోపల పెట్టిన మెషీన్‌కి ఊపిరాడదు. అయిదారేళ్ళుగా విప్పని మెషీన్ అయితే రిపేరు షాపులో శుభ్రం చేయించి, ప్రాసెసర్ మీద కొత్త థర్మల్ పేస్ట్ వేయించండి.

2. విండోస్ తీసేయకముందే డిస్కులు కాపీ చేసుకోండి

చాలామంది ఉత్సాహం కొద్దీ నేరుగా కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కించడం మొదలుపెడతారు. ఆగండి. మీ ఇంట్లో డీవీడీ డ్రైవ్ ఉన్న చివరి కంప్యూటర్ ఇదే కావచ్చు. అందులో ఇంకా విండోస్ ఉంది. డిస్కుల పని ముగించడానికి ఇంతకంటే మంచి అదను దొరకదు.

పెళ్ళి డీవీడీల నుంచి మొదలుపెట్టండి. వీటికి సినిమా డీవీడీల్లా కాపీ తాళాలు ఉండవు. డిస్కు తెరిస్తే వీడియో_టీఎస్ అని ఒక ఫోల్డర్ కనిపిస్తుంది. దాన్ని మొత్తంగా హార్డ్ డిస్కులోకి లాగేయండి. డిస్కుకి ఒక ఫోల్డర్ చేసి, కవరు మీద ఏం రాసుందో అదే పేరు పెట్టండి. డిస్కు మొరాయిస్తే మెత్తటి పొడిబట్టతో మధ్య నుంచి అంచు వైపుకి తుడవండి, గుండ్రంగా కాదు. అప్పటికీ చదవకపోతే ఇంకో డ్రైవ్‌లో ప్రయత్నించండి. ఒక డ్రైవ్ చదవలేని డిస్కుని ఇంకొకటి చదివేయడం మామూలే.

లోపల వీఓబీ ఫైళ్ళు ఉంటాయి. డీవీడీ పద్ధతి ప్రకారం ఒక్కో వీఓబీ 1 జీబీకి మించదు కాబట్టి పెళ్ళి ఎక్కడ పడితే అక్కడ తెగుతుంది, తలంబ్రాల మధ్యలో ఒక ఫైలు అయిపోయి ఇంకోటి మొదలవుతుంది. విడివిడిగా వాటి జోలికి పోకండి. హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేసుకుని, మొత్తం వీడియో_టీఎస్ ఫోల్డర్‌ని అందులో తెరవండి. ముక్కలన్నీ తనే కలుపుకుంటుంది. టైటిల్ అనే చోట డిస్కులో ఎన్ని భాగాలున్నాయో, ఒక్కొక్కటి ఎంతసేపో చూపిస్తుంది. మన వీడియోగ్రాఫర్లు కొందరు అంతా ఒకటే భాగంగా ఇస్తారు, కొందరు ఎదుర్కోలు, పెళ్ళి, అప్పగింతలు వేరువేరుగా పెడతారు. రెండో రకమైతే ఒక్కో టైటిల్‌ని ఒక్కో ఫైలుగా చేసుకోవడమే మేలు, వెతుక్కునే బాధ ఉండదు.

ప్రీసెట్లలో ఫాస్ట్ 576పీ25 ఎంచుకోండి. మన దేశంలో డీవీడీలు పాల్ పద్ధతివి, అంటే 576 గీతలు, సెకనుకు 25 ఫ్రేములు. ఇక్కడ ఒక విషయం గట్టిగా పట్టుకోవాలి. ఆ రోజుల కెమెరాలు ఒక్కో ఫ్రేమును రెండు సగాలుగా తీసేవి. అందుకే జీలకర్ర బెల్లం పెట్టే చేయి కదిలినప్పుడు దాని అంచులు దువ్వెన పళ్ళలా చీలి కనిపిస్తాయి. హ్యాండ్‌బ్రేక్‌లో ఫిల్టర్స్ ట్యాబ్‌కి వెళ్ళి డీఇంటర్‌లేస్ ఆన్‌లో ఉందో లేదో చూసుకోండి. ముందు ఒక్క నిమిషం ముక్క మార్చి, పెద్ద టీవీలో చూసి, బాగుందనిపిస్తేనే మిగతావి పెట్టండి. పాత మెషీన్ మీద ఇది నెమ్మదిగానే సాగుతుంది. రాత్రి పడుకోబోయే ముందు అన్నీ వరుస కట్టి వదిలేయండి.

వీసీడీల సంగతి వేరు. డిస్కులో ఎంపెగ్‌ఏవీ అనే ఫోల్డర్, దానిలో డాట్ అనే ఎక్స్‌టెన్షన్‌తో ఒకటో రెండో పెద్ద ఫైళ్ళు ఉంటాయి. వీటిని విండోస్‌లో మామూలుగా కాపీ చేసేయొచ్చు. లినక్స్‌లో అదే పని చేయబోతే చాలాసార్లు ఎర్రర్ వచ్చి ఆగిపోతుంది, ఎందుకంటే వీసీడీలో వీడియోని రాసే తీరు మామూలు డేటా సీడీ లాంటిది కాదు. విండోస్ తీసేయకముందే అని అన్నది ముఖ్యంగా ఇందుకే. కాపీ అయ్యాక వీఎల్‌సీలో పెట్టి చివరిదాకా ఆడుతోందో లేదో చూడండి. ఆ తర్వాత ఎంపీ4గా మార్చుకోండి. బొమ్మ 352 బై 288 మాత్రమే, 43 అంగుళాల టీవీ మీద ముఖాలు అలుక్కుపోయినట్టే ఉంటాయి. సైజు పెంచి మార్చినా లేని వివరం రాదు, ఫైలు లావెక్కడం తప్ప.

డీవీడీలవైనా వీసీడీలవైనా, మార్చిన ఫైలు వచ్చింది కదా అని అసలు కాపీని తీసేయకండి. మామూలు సింగిల్ లేయర్ డీవీడీ ఎంత నిండినా 4.7 జీబీ. అలాంటివి యాభై ఉన్నా 235 జీబీ దాటదు.

వీహెచ్ఎస్ క్యాసెట్లయితే ఇంట్లో తంటాలు పడకుండా, క్యాసెట్ ప్లేయర్ ఇంకా నడుస్తున్న స్టూడియోకి ఇచ్చి మార్పించుకోండి.

ఇదే ఊపులో ఈ వీడియోలతో పాటు కంప్యూటర్లో మిగిలినవి కూడా ఎక్స్‌టర్నల్ డిస్కులోకి మార్చేయండి. డెస్క్‌టాప్ మీది ఫొటోలు, సర్టిఫికెట్ల స్కాన్‌లు, బ్రౌజర్‌లో దాచిన పాస్‌వర్డ్‌లు. నాలుగో మెట్టులో కంప్యూటర్ డిస్కు మొత్తం తుడిచిపెట్టుకుపోతుంది.

3. దేనికి ఖర్చు పెట్టాలి, దేనికి వద్దు

పాత హార్డ్ డిస్కు తీసి ఒక చిన్న సాటా ఎస్‌ఎస్‌డీ వేస్తే కంప్యూటర్ టక్కున లేస్తుంది. 120 జీబీది దొరికినా ఎక్కువే, ఎందుకంటే వీడియోలు దానిలో పెట్టం. వీడియోలకి ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ కావాలి. కంప్యూటర్‌కి నీలం రంగు యూఎస్‌బీ పోర్టు ఉంటే అందులో పెట్టండి. మరీ పాత లాప్‌టాప్‌లలో చిన్న పోర్టబుల్ డిస్కుకి చాలినంత కరెంటు అందక టిక్‌టిక్‌మంటూ ఆగిపోతుంది. అలా అయితే సొంత అడాప్టర్ ఉన్న పెద్ద డిస్కు తీసుకోవాలి.

మూడోది రిమోట్. యూఎస్‌బీ రిసీవర్‌తో వచ్చే ఎయిర్ మౌస్ రిమోట్ ఏదైనా సరే. గ్రాఫిక్స్ కార్డుకి, ర్యామ్‌కి, సౌండ్ కార్డుకి ఖర్చు పెట్టాల్సి వస్తే ఆ డబ్బుతో ఒక ఆండ్రాయిడ్ టీవీ బాక్సు కొనుక్కోవడం నయం.

4. సాఫ్ట్‌వేర్ ఎక్కించండి

నా మాట వింటే లిబ్రెఎలెక్ వేయండి. ఇది కోడి అనే మీడియా ప్లేయర్‌ని నడపడానికి ఎంత కావాలో అంతే ఉన్న చిన్న లినక్స్. కంప్యూటర్ ఆన్ చేస్తే నేరుగా కోడి వస్తుంది. డెస్క్‌టాప్ ఉండదు, పాప్-అప్‌లు ఉండవు, అప్‌డేట్ అయ్యేదాకా ఆగండి అనే నీలం తెర ఉండదు. కోడి మొదట 2002లో ఎక్స్‌బాక్స్ గేమ్ కన్సోల్ కోసం పుట్టింది, 2014 దాకా దాని పేరు ఎక్స్‌బీఎంసీ. ఆరడుగుల దూరంలో కూర్చుని చేతిలోని కంట్రోలర్‌తో నడపడానికి చేసింది కాబట్టే అక్షరాలు పెద్దగా, మెనూలు సులువుగా ఉంటాయి.

అదే కంప్యూటర్లో అప్పుడప్పుడు బ్రౌజింగ్, కరెంటు బిల్లు కట్టడం కూడా కావాలంటే లినక్స్ మింట్ వేసి, దాని మీద కోడి పెట్టుకోండి. కానీ అప్పుడు పెద్దవాళ్ళ రిమోట్ పరీక్షలో కొంచెం వెనకబడతారు.

ఎక్కించే పద్ధతి:

లిబ్రెఎలెక్ సైట్‌లో మామూలు పీసీల కోసం జెనరిక్ అనే ఇమేజ్ (మొత్తం సిస్టమ్ ఉన్న ఒకే ఫైలు) ఉంటుంది. ఇంటెల్, ఏఎండీ గ్రాఫిక్స్‌కి అదే. ఎన్‌విడియా కార్డు ఉంటే జెనరిక్ లెగసీ తీసుకోండి. బాగా పాత ఎన్‌విడియా కార్డులు మొండికేస్తాయి, మదర్‌బోర్డులో ఇంటెల్ గ్రాఫిక్స్ ఉంటే కార్డు పీకేసి దాన్నే వాడుకోండి.

ఒక పెన్‌డ్రైవ్ తీసుకుని, లిబ్రెఎలెక్ వాళ్ళ సొంత యూఎస్‌బీ క్రియేటర్‌తో గానీ, బలేనా ఎచర్‌తో గానీ ఆ ఇమేజ్‌ని దాని మీద రాయండి. పెన్‌డ్రైవ్‌లో ఉన్నదంతా పోతుంది.

పెన్‌డ్రైవ్ పెట్టి కంప్యూటర్ ఆన్ చేస్తూ బూట్ మెనూ కీ నొక్కండి. డెల్, లెనోవోలకి ఎఫ్12, హెచ్‌పీకి ఎఫ్9, అసూస్ లాప్‌టాప్‌లకి ఎస్కేప్. ఏసర్‌లో ఎఫ్12 పనిచేయాలంటే ముందు బయోస్‌లోకి (విండోస్ కంటే ముందే తెరుచుకునే కంప్యూటర్ సొంత సెట్టింగ్స్) వెళ్ళి బూట్ మెనూని ఎనేబుల్ చేయాలి. ఒకసారి నొక్కి ఊరుకోకుండా లోగో వచ్చేదాకా నొక్కుతూనే ఉండండి. పెన్‌డ్రైవ్ కనిపించినా బూట్ కాకపోతే బయోస్‌లో సెక్యూర్ బూట్ ఆపేయండి.

ఇన్‌స్టాలర్ వచ్చాక ఏ డిస్కు మీద వేయాలో అడుగుతుంది. ఈలోగా వీడియోలున్న ఎక్స్‌టర్నల్ డిస్కుని మాత్రం కంప్యూటర్ నుంచి ఊడదీసి పక్కన పెట్టి ఉండండి. రెండు డిస్కులు లిస్టులో ఉంటే, తొందరలో పెళ్ళి వీడియోల మీదే వేలు పడొచ్చు.

అయిపోయాక మొదటిసారి తెరుచుకున్నప్పుడు ఎస్‌ఎస్‌హెచ్, సాంబా అని రెండు ప్రశ్నలు వస్తాయి. సాంబా ఆన్ చేయండి. దాని వల్ల ఇంట్లోని వేరే లాప్‌టాప్ నుంచి నేరుగా దీనిలోకి ఫైళ్ళు పంపొచ్చు. ఎస్‌ఎస్‌హెచ్ అంటే ఏంటో తెలియకపోతే ఆఫ్‌లోనే ఉంచండి, లోటేమీ లేదు.

5. టీవీకి తగిలించండి

హెచ్‌డీఎంఐ ఉంటే బొమ్మ, సౌండ్ ఒకే వైరులో వెళ్తాయి. వీజీఏ మాత్రమే ఉన్న పాత డెస్క్‌టాప్ అయితే బొమ్మకి వీజీఏ వైరు, సౌండ్‌కి హెడ్‌ఫోన్ పిన్ను నుంచి వేరే వైరు కావాలి. అదీ మీ టీవీకి వీజీఏ ఉంటేనే, కొత్త టీవీల్లో తీసేశారు.

బొమ్మ వస్తుంది కానీ సౌండ్ రాదు. ఇది అందరికీ ఎదురయ్యేదే, టెన్షన్ పడకండి. కోడిలో సెట్టింగ్స్, సిస్టమ్, ఆడియో దగ్గర అవుట్‌పుట్ డివైస్‌ని హెచ్‌డీఎంఐకి మార్చండి. సౌండ్ వచ్చాక ఇంకో ఫిర్యాదు వస్తుంది, పాటలు హోరెత్తుతాయి, మాటలు వినపడవు. ఫైల్లో 5.1 సౌండ్ ఉంది, టీవీకి ఉన్నవి రెండు స్పీకర్లు. అక్కడే ఛానల్స్‌ని 2.0 చేయండి. ఎడమవైపు కింద ఉండే గేర్ బొమ్మని అడ్వాన్స్‌డ్‌కి మారిస్తే, మెయింటైన్ ఒరిజినల్ వాల్యూమ్ ఆన్ డౌన్‌మిక్స్ అనే ఆప్షన్ కనిపిస్తుంది. దాన్ని ఆన్ చేసి, ఆఫ్ చేసి, మీ టీవీకి ఏది బాగుందో వినండి.

మెనూ అంచులు టీవీలో తెగిపోతుంటే దోషం టీవీది. టీవీ పిక్చర్ సెట్టింగ్స్‌లో ఎల్‌జీ అయితే జస్ట్ స్కాన్, శాంసంగ్ అయితే స్క్రీన్ ఫిట్, సోనీ అయితే ఫుల్ పిక్సెల్ అని ఉంటుంది, అది పెట్టండి.

కెమెరా పక్కకి తిరిగేటప్పుడు బొమ్మ కుదుపులతో కదులుతుంటే, సెట్టింగ్స్‌లో ప్లేయర్, వీడియోస్ దగ్గర అడ్జస్ట్ డిస్‌ప్లే రిఫ్రెష్ రేట్‌ని ఆన్ స్టార్ట్/స్టాప్‌కి మార్చండి. సినిమా సెకనుకు 24 ఫ్రేములు, పెళ్ళి వీడియో 25. ఏది పెడితే దానికి తగ్గట్టు టీవీ మారుతుంది. మారేటప్పుడు రెండు మూడు సెకన్లు తెర నల్లబడుతుంది, ఆ సంగతి ఇంట్లో వాళ్ళకి ముందే చెప్పండి. లేకపోతే పాడైందని ప్లగ్ పీకేస్తారు.

వీడియో ఆగి ఆగి ఆడుతుంటే, ఆడుతుండగానే కీబోర్డు మీద ఇంగ్లీషు O అక్షరం నొక్కండి. డీకోడర్ పేరు పక్కన హెచ్‌డబ్ల్యూ అని ఉంటే గ్రాఫిక్స్ భాగం పనిచేస్తోంది, ఎస్‌డబ్ల్యూ అని ఉంటే బరువంతా ప్రాసెసర్ మోస్తోంది. ఆ ఫైలు మీ మెషీన్ తరానికి మించినదన్నమాట. దాన్ని హ్యాండ్‌బ్రేక్‌లో హెచ్.264కి మార్చుకోవడమే మార్గం.

6. సరుకు సర్దండి

డిస్కులో సినిమాలు, ఇంటి వీడియోలు, పాటలు, ఫొటోలు అని నాలుగు ఫోల్డర్లు చేయండి. ఈ నాలుగింటినీ కలిపారంటే కోడి మీ గృహప్రవేశం వీడియోకి ఏదో హాలీవుడ్ పోస్టర్ తెచ్చి అంటిస్తుంది. సినిమాల ఫోల్డర్‌ని జోడించేటప్పుడు మూవీస్ అని చెప్పండి, ఇంటి వీడియోలకి నన్ (None) అని పెట్టండి. అప్పుడు ఫోల్డర్ పేర్లతోనే చూపిస్తుంది.

సినిమా ఫైలుకి పేరు ఇంగ్లీషు అక్షరాల్లో రాసి, పక్కన బ్రాకెట్లో సంవత్సరం పెట్టండి. మన సినిమాలకి సంవత్సరం మరీ ముఖ్యం. దేవదాసు 1953లోనూ ఉంది, 2006లోనూ ఉంది. సంవత్సరం లేకపోతే అక్కినేని కోసం వెళ్ళినవాళ్ళకి ఇంకో పోస్టర్ కనిపిస్తుంది. ఫోల్డర్ల పేర్లు తెలుగులో పెట్టుకోవచ్చు గానీ, కోడి డిఫాల్ట్ ఫాంట్‌లో డబ్బాలుగా కనిపించొచ్చు. అప్పుడు ఇంటర్‌ఫేస్, స్కిన్ దగ్గర ఫాంట్‌ని ఏరియల్ బేస్డ్‌కి మార్చి చూడండి.

పాటల దగ్గర నాది కొంచెం మొండి అభిప్రాయం. కోడి మ్యూజిక్ లైబ్రరీ జోలికి వెళ్ళకండి. మన దగ్గరున్న పాత ఎంపీ3లలో సగానికి పైగా ఆర్టిస్ట్ అనే చోట గాయకుడి పేరు ఉండదు, ఏ సైటు నుంచి దిగిందో ఆ సైటు పేరు ఉంటుంది. లైబ్రరీ చేస్తే ఘంటసాల ఒక్కరే పదిమంది అయి కూర్చుంటారు, సుశీల గారు ఆ సైటు పేరు కింద దాక్కుంటారు. ఫైల్స్ అనే మెనూలోంచి ఫోల్డర్లుగా చూడటం మేలు. నాన్నగారు ఏ ఫోల్డర్లో ఏం పెట్టుకున్నారో ఆయనకి తెలుసు, ఆ వరుస మార్చకండి.

7. రిమోట్ చేతికివ్వండి

టీవీ రిమోట్‌తోనే కోడి నడవాలంటే హెచ్‌డీఎంఐ-సీఈసీ అనే సౌకర్యం కావాలి. మామూలు పీసీల్లో అది దాదాపు ఉండదు. అందుకే యూఎస్‌బీ రిమోట్ అన్నాను. ఫోన్ నుంచి నడపడానికి కోడి వాళ్ళదే కోరె అనే ఆండ్రాయిడ్ యాప్ ఉంది. సెట్టింగ్స్, సర్వీసెస్, కంట్రోల్ దగ్గర రిమోట్ కంట్రోల్ వయా హెచ్‌టీటీపీ ఆన్ చేసి ఒక పాస్‌వర్డ్ పెడితే ఫోన్, కంప్యూటర్ ఒకే వైఫైలో ఒకదాన్నొకటి గుర్తుపడతాయి. పాట పేరు టైప్ చేసి వెతకడానికి ఇది బాగుంటుంది. రోజువారీ వాడకానికి మాత్రం బటన్లున్న రిమోటే, ఫోన్ ఎప్పుడు చూసినా చార్జింగ్‌లో ఉంటుంది.

మెయిన్ మెనూలో వాడని వాటిని తీసేయండి. వెదర్, గేమ్స్, టీవీ, రేడియో అన్నీ ఇంటర్‌ఫేస్, స్కిన్ సెట్టింగ్స్‌లో ఒక్కొక్కటిగా ఆపేయొచ్చు. తెర మీద నాలుగే మిగలాలి. ఎక్కువగా చూసే ఫోల్డర్లని ఫేవరెట్స్‌లో పెట్టండి.

డెస్క్‌టాప్ అయితే బయోస్‌లో పవర్ లాస్ తర్వాత ఏం చేయాలనే ఆప్షన్ ఉంటుంది. అక్కడ పవర్ ఆన్ పెడితే గోడ స్విచ్ వేయగానే కంప్యూటర్ దానంతటదే లేస్తుంది, కిందకి వంగి బటన్ వెతుక్కోనక్కర్లేదు. ఆపడం మాత్రం రిమోట్‌తో షట్‌డౌన్ చేశాకే. స్విచ్ కట్టేసి ఆపితే ఎక్స్‌టర్నల్ డిస్కులో ఫైళ్ళు పాడవుతాయి. ఇన్వర్టర్ ఉంటే ఈ ప్లగ్గుని దాని లైను మీదకి మార్పించండి.

మరో దారి: మూల గదిలో సర్వర్

ఇంట్లో రెండు టీవీలున్నాయి, పిల్లలు ట్యాబ్‌లో చూస్తారు, టీవీలేమో ఆండ్రాయిడ్‌వి. అప్పుడు కంప్యూటర్‌ని టీవీ పక్కన పెట్టనక్కర్లేదు. రూటర్ పక్కన పెట్టి, జెల్లీఫిన్ అనే ఉచిత సర్వర్ వేయండి. 2018 చివర్లో ఎంబీ అనే సాఫ్ట్‌వేర్ తన కోడ్‌ని మూసేసినప్పుడు దాని నుంచి విడిపోయి వచ్చింది ఇది. లినక్స్ మింట్ మీదైనా, విండోస్ మీదైనా నడుస్తుంది. ఇన్‌స్టాల్ చేశాక బ్రౌజర్లో ఆ కంప్యూటర్ ఐపీ అడ్రస్, పక్కన కోలన్ పెట్టి 8096 కొడితే సెటప్ పేజీ వస్తుంది. టీవీలో జెల్లీఫిన్ యాప్ వేసి అదే అడ్రస్ ఇవ్వాలి. రూటర్‌లో ఆ కంప్యూటర్‌కి ఒకే ఐపీ ఉండేలా రిజర్వ్ చేయకపోతే, కరెంటు పోయొచ్చాక అడ్రస్ మారి అన్ని టీవీల్లో యాప్ అలుగుతుంది.

పాత మెషీన్ మీద సర్వర్ పెట్టేటప్పుడు ఒక్కటే జాగ్రత్త. టీవీ తనంతట తాను ఆడించగలిగే ఫైలైతే సర్వర్‌కి పనే లేదు, ఫైలు అందిస్తే చాలు. ఆడించలేనిదైతే అప్పటికప్పుడు మార్చి పంపాలి, అక్కడే పాత ప్రాసెసర్ చతికిలబడుతుంది. అందుకే అన్నిటినీ ముందే హెచ్.264 ఎంపీ4లుగా మార్చి పెట్టుకోవాలి.

సర్వర్‌ని రూటర్‌కి లాన్ వైరుతోనే కలపండి. పాత లాప్‌టాప్‌ల వైఫై చాలావరకు 2.4 గిగాహెర్ట్జ్ మాత్రమే, అపార్ట్‌మెంట్లో పదిళ్ళ సిగ్నళ్ళ మధ్య దానికి దారి దొరకదు. లాన్ పోర్టు 100 ఎంబీపీఎస్‌ది అయినా 1080పీ వీడియోకి ధారాళంగా సరిపోతుంది.

అమెరికాలో ఉన్న అన్నయ్యో, ఆస్ట్రేలియాలో ఉన్న అమ్మాయో ఇవే చూడాలంటే? రూటర్‌లో పోర్టులు తెరవడం మన దగ్గర చాలా కనెక్షన్లకి కుదరదు, ఎందుకంటే ఒకే పబ్లిక్ ఐపీని కంపెనీ చాలామందికి పంచుతుంది. కుదిరినా అది దొంగలకి తలుపు తీసినట్టే. టెయిల్‌స్కేల్ అనే యాప్‌ని సర్వర్లోనూ, వాళ్ళ ఫోన్లోనూ వేస్తే రెండూ ఒకే ఇంటి నెట్‌వర్క్‌లో ఉన్నట్టు కలుస్తాయి. సొంత వాడకానికి ఉచితమే.

కరెంటు లెక్క

సర్వర్ అనగానే 24 గంటలూ నడపాలనిపిస్తుంది. ముందు లెక్క వేసుకోండి. పాత డెస్క్‌టాప్ 60 వాట్లు లాగుతుందనుకుంటే, రోజంతా ఉంచితే నెలకి 43 యూనిట్లు. బిల్లులో స్లాబు మారడానికి అది చాలు. అదే రోజుకి నాలుగు గంటలే వాడితే ఏడు యూనిట్లు. లాప్‌టాప్ 15 వాట్లకి మించకపోతే, నెలంతా ఆపకపోయినా 11 యూనిట్లలోపే. కాబట్టి ఎప్పుడూ ఆన్‌లో ఉండే సర్వర్‌కి లాప్‌టాప్, చూసినంతసేపే వేసుకునే ప్లేయర్‌కి డెస్క్‌టాప్. లాప్‌టాప్ స్క్రీన్ పగిలినా ఈ పనికి అడ్డం కాదు.

తర్వాత వచ్చే చిన్నాచితకా

ఆన్ చేసిన ప్రతిసారీ తేదీ ఎక్కడో 2009కి వెళ్ళిపోతోందా? పోస్టర్లు దిగడం లేదా, సర్టిఫికెట్ ఎర్రర్ అంటోందా? మదర్‌బోర్డు మీది గుండ్రటి బ్యాటరీ అయిపోయింది. సీఆర్2032 అని అడిగితే వాచీల షాపులో కూడా ఇస్తారు. తేదీ తప్పుగా ఉంటే ఏ సైటు సర్టిఫికెటూ చెల్లనట్టే కనిపిస్తుంది, ఇంటర్నెట్ బాగానే ఉన్నా పని జరగదు.

కోడిలో ఉచితంగా కొత్త సినిమాలు చూపిస్తామనే యాడ్-ఆన్‌ల గురించి ఎవరో ఒకరు తప్పకుండా చెబుతారు. అవి కోడి వాళ్ళవి కావు, కోడితో పాటు ఏ సినిమా రాదు. ఎవరు రాశారో తెలియని ప్రోగ్రామ్‌ని ఇంటి నెట్‌వర్క్‌లోకి రానిచ్చినట్టు అవుతుంది, పైగా పైరసీ. కోడి అధికారిక రిపాజిటరీలో ఉన్నవాటితోనే సరిపెట్టుకోండి.

ఇంటి వీడియోలన్నీ ఇప్పుడు ఒకే డిస్కులో ఉన్నాయి. ఇంకో డిస్కు కొని మొత్తం కాపీ చేసి, దాన్ని మీ ఇంట్లో కాకుండా చెల్లెలి ఇంట్లోనో, బాబాయి వాళ్ళింట్లోనో పెట్టండి. ఏడాదికోసారి పండక్కి వెళ్ళినప్పుడు కొత్తవి దానిలో వేసుకుని, ఒకటి రెండు పాత ఫైళ్ళు తెరుచుకుంటున్నాయో లేదో చూసి రండి.